రాళ్ళతోటలో వాసన

"అవ్వా, వాసన ఎట్లుంది?"

2021 మార్చి నెలాఖరు. ఇంగ్లండు తూర్పుభాగాన ఎసెక్స్ కౌంటీలో, కొల్చెస్టర్ పట్టణానికి కొద్దిమైళ్ళ దూరంలో ఉన్న ఒక పల్లె. ఇంటి వెనుక నడుమెత్తున పేర్చిన బండరాళ్ళ మధ్య, గులకరాళ్ళను తోసుకొని, నీలిరంగు హయసింత్ పూలగుత్తులు పైకి లేచి ఉన్నాయి. ఉదయపుటెండకు రాళ్ళు గోరువెచ్చనయ్యాయి. తేనెటీగలు అప్పుడే పనిలోకి దిగాయి. అరవయ్యారేళ్ళ డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చొని, ఒక గుత్తిని రెండువేళ్ళతో వంచి, కళ్ళు మూసుకొని గుండెనిండా గాలి పీల్చారు. చల్లని గాలి ముక్కులోకి వెళ్ళింది, తిరిగి వచ్చింది. అంతకుమించి ఏమీ లేదు.

"చాలా బాగుంది తల్లీ" అన్నారు ఆమె.

ఆ గడ్డలను కిందటి శరత్కాలంలో తన చేతులతో నాటిన ఆరేళ్ళ మనుమరాలు ఆ మాటకు తృప్తిపడి, తేనెటీగల వెంట పరుగెత్తింది. రాళ్ళ నడుమ ఒంటరిగా మిగిలిన డాక్టరమ్మకు మాత్రం తానన్న మాట గొంతులోనే అడ్డుపడినట్లయింది. నలభయ్యేళ్ళ వైద్యవృత్తిలో ఏ రోగికీ ఆమె ఇంత తేలికగా అబద్ధం చెప్పి ఎరుగరు.

అంతకు ఏడాది క్రితం, 2020 ఏప్రిల్ మొదటివారంలో, కోవిడ్ వ్యాధి ఆమెను పదిరోజులు మంచాన పడవేసింది. జ్వరం తగ్గింది, దగ్గు తగ్గింది, ఒంట్లోకి సత్తువ వచ్చింది. వాసన మాత్రం తిరిగి రాలేదు. ఘ్రాణశక్తి పోవడం కూడా ఈ వ్యాధి లక్షణమేనని బ్రిటిష్ ప్రభుత్వం తన జాబితాలో చేర్చింది ఆ ఏడాది మే 18న. అప్పటికి నెలరోజులుగా ఆమె కాఫీకీ వేడినీళ్ళకూ తేడా తెలియకుండా బతుకుతున్నారు. పొయ్యి మీద పాలు పొంగి మాడిపోతున్నా పక్కగదిలో ఆమెకు తెలిసేది కాదు. పొగ కంటబడితేనే తెలిసేది.

ఇవన్నీ ఆమె ఓర్చుకోగలిగారు. కాని ఆ రాళ్ళతోట ఆమె భర్త చేతిమీదుగా లేచినది. ఆయన కన్నుమూసి అప్పటికి రెండేళ్ళు దాటింది. ఆయన ఆ తోటను కట్టింది కంటి కోసం కాదు, ఆమె ముక్కు కోసం.

ఒకే వాన, రెండు ఊళ్ళు

భార్యాభర్తలిద్దరూ అనంతపురం జిల్లావారు. 1980లో ఇంగ్లండు చేరారు. ఆమె డాక్టరు, ఆయన సివిల్ ఇంజనీరు. తెలుగునాట కరువు అన్న మాట వినగానే మొదట తలపుకు వచ్చే జిల్లా వారిది. పడమటి కనుమలు నైరుతి మేఘాలను అడ్డగించి దింపుకోగా, ఆ వానచాటు నేల మీద సాలుకు సగటున పడేది 550 మిల్లీమీటర్లు. అక్కడ పుట్టిన మనిషి ఆకాశాన్ని చూసే చూపే వేరు.

ఇంగ్లండు అనగానే మనవారి కళ్ళముందు నిత్యం తడిసిన గొడుగు మెదులుతుంది. ఎసెక్స్ అందుకు మినహాయింపు. ఆ దేశంలోకెల్లా తక్కువ వాన పడే ప్రాంతాల్లో అదొకటి. అక్కడ సాలుకు పడే వాన కూడా ఇంచుమించు అనంతపురం వానంతే. కొన్నిచోట్ల ఇంకా తక్కువ. ఉద్యోగ విరమణ తరువాత ఆయన పెరట్లో వానకొలత పాత్ర ఒకటి పెట్టి, రోజూ ఉదయం చూసి, ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాసుకునేవారు. మొదటి ఏడాది లెక్క తేలిననాడు భార్యను పిలిచి, "చూడు, మన ఊరు మన వెంటే వచ్చింది!" అని నవ్వారట.

వాన అంతే గాని, పడే తీరు అంతే కాదు. అనంతపురంలో వాన నాలుగు నెలల్లో, ఆ నాలుగు నెలల్లోనూ కొద్దిరోజుల్లో, అప్పు తీర్చినట్లు కురిసి పోతుంది. మిగిలినదంతా ఎండ తాగేస్తుంది. ఎసెక్స్‌లో ఆ కొద్దిపాటి వాన పన్నెండు నెలలకూ చినుకు చినుకుగా పంచబడుతుంది. చలికాలంలో ఆవిరయ్యేది తక్కువ గనుక నేలలో తడి నిలుస్తుంది. వేసవిలో ఇసుకనేల తొందరగా ఎండిపోతుంది. చలికాలం తడి, వేసవి పొడి. తుర్కియే, సిరియా, ఇరాన్ పర్వతసానువుల్లో ఉండే వాతావరణానికి ఇది దగ్గర. వసంతంలో పూచే సువాసన గడ్డలలో చాలావాటికి పుట్టిల్లు ఆ కొండలే.

ఈ సంగతి ఆయన తెలుసుకున్నది వారి ఊరికి దగ్గరలోనే ఉన్న ఎల్మ్‌స్టెడ్ మార్కెట్‌లో. బెత్ చాటో అనే ప్రసిద్ధ ఉద్యానకారిణి తోట అక్కడ ఉంది. నీటి ఎద్దడి ఉన్న నేలలో తోటలు పెంచడం గురించి ఆమె 1978లోనే ఒక పుస్తకం ప్రచురించారు. 1991-92 చలికాలంలో, అదివరకు కార్లు నిలిపే స్థలంగా ఉన్న గులకనేలను దున్నించి, అక్కడ ఒక గులకతోట వేశారు. నాటిననాడు తప్ప ఆ మొక్కలకు నీరు పోయకూడదని నియమం పెట్టుకున్నారు. ఉన్న నేలకు తగిన మొక్కను ఎంచుకోవాలే గాని, మొక్క కోసం నేలను హింసించరాదన్నది ఆమె సూత్రం. ఆమె 2018 మేలో, తొంభైనాలుగో ఏట కన్నుమూశారు. ఆ తోటను చూసివచ్చిన రోజునే మన ఇంజనీరు తన పెరడు కొలతలు తీసుకున్నారు.

రాళ్ళు కొనుక్కున్న మనిషి

కొండమొక్కలను రాళ్ళ మధ్య పెంచడం బ్రిటన్‌లో పాత ముచ్చటే. ఎడింబరో రాజోద్యానంలో 1871 నాటికే రాళ్ళతోట ఉంది. లండన్ దగ్గరి క్యూ ఉద్యానంలో 1882లో వెలసింది. రెజినాల్డ్ ఫారర్ అనే ఆయన 1907లో తన రాళ్ళతోటను గురించి రాసిన పుస్తకంతో ఈ వేడుక మధ్యతరగతి పెరళ్ళలోకి దిగింది. ఆ ఫారర్ మొక్కల వేటలోనే 1920లో ఎగువ బర్మా కొండల్లో ప్రాణం విడిచాడు.

అయితే ఎసెక్స్‌లో ఒక చిక్కు ఉంది. అక్కడ ఇసుక, గులక, బంకమన్ను దొరుకుతాయి గాని బండరాయి దొరకదు. ఉత్తరాన యార్క్‌షైర్ నుంచి ఇసుకరాయి లారీలో తెప్పించవలసి వచ్చింది. ఎటు చూసినా నల్లరాతి గుట్టలే ఉండే అనంతపురంలో ఈ వార్త విన్న ముసలితల్లి ఫోనులో, "రాళ్ళకు దుడ్లు పెడితివా నాయనా? చెప్పింటే ఇక్కడినుంచి ఓడ నింపి పంపిస్తాంటిమి గదా!" అన్నదట. ఆ ఇంట్లో ఈ మాట చాలాకాలం నవ్వులపంటగా నిలిచింది.

రాయిని పేర్చడంలో ఇంజనీరు చేయి కనిపించింది. ప్రతి బండలోనూ మూడోవంతు మట్టిలో దిగవేశారు. ముఖం కాస్త పైకి, వీపు కాస్త వెనుకకు వంగేలా నిలబెట్టారు. పైన పడిన చినుకు జారి బయటికి పోకుండా లోపలి వేళ్ళకు చేరాలన్నది లెక్క. రాళ్ళ నడుమ నింపిన మిశ్రమంలో ఒక పాలు తోటమన్ను, ఒక పాలు చివికిన ఆకుల ఎరువు, రెండు పాళ్ళు ముతక ఇసుక, సన్నగులక. పైన అంగుళం మందాన గులక పరిచారు. చలికాలంలో గడ్డకు చావు వచ్చేది చలి వల్ల కాదు, మెడ దగ్గర నిలిచే నీటి వల్ల. గులక ఆ నీటిని నిలవనివ్వదు. రాయి పగలు ఎండను దాచుకొని సాయంత్రం మెల్లగా వదులుతుంది. రాయి అడుగున మాత్రం నేల చల్లగా, చెమ్మగా ఉంటుంది. తల వెచ్చన, కాళ్ళు చల్లన. కొండమొక్కలు కోరుకునేది అదే.

తోటను నడుమెత్తున లేపడానికి ఇంకొక కారణం కూడా ఉంది. ఈ పూలు జానెడెత్తువి. నేల మీద పూస్తే వాసన చూడడానికి సాష్టాంగపడాలి. "ఈ దేశంలో పూలకు రంగే గాని వాసన లేదు" అని ఆమె ముప్పైయేళ్ళుగా వాపోతూ వచ్చారు. అంగడి గులాబీని ముక్కు దగ్గర పెట్టుకొని పెదవి విరిచేవారు. సాయంత్రం నీళ్ళు చల్లిన వాకిలి, తడిబట్టలో చుట్టిన మల్లెమొగ్గలు, తలలో వాడి రాలిన మరువం ఆమె మాటల్లో అడుగడుగునా దొర్లేవి. ఆయన జవాబు చెప్పలేదు. రాళ్ళు కొన్నారు.

ఏరి తెచ్చిన గడ్డలన్నీ వాసన గలవే. ఫిబ్రవరిలోనే, మంచు ఇంకా వీడకముందే, ఊదారంగున పూచి వయొలెట్ పూల వాసనను తలపించే ఐరిస్ రెటిక్యులాటా. ఇది తుర్కియే, ఇరాన్ కొండలది. ఏజియన్ దీవులది, పసుపురంగు మస్కారీ మాక్రోకార్పమ్. దీని వాసన పండిన అరటిపండును పోలి ఉంటుంది. స్పెయిన్, పోర్చుగల్ దేశాల జాంక్విల్. పసుపుపచ్చని అడవి తులిప్. తుర్కియే, సిరియా, లెబనాన్ కొండల్లో పుట్టిన హయసింత్. చివరగా, దక్షిణపు గోడ మొదట, ఎండ బాగా కాసే చోట, నార్సిసస్ తాజెట్టా. మధ్యధరాతీరం నుంచి కాశ్మీరం వరకు కనిపించే పువ్వు ఇది. ఉర్దూ కవులు కంటితో పోల్చిన నర్గిస్ ఈ కుటుంబానిదే. కాశ్మీరీలు దాన్ని యెంబర్జల్ అంటారు. తుమ్మెదకూ ఆ పువ్వుకూ మధ్య ప్రేమను కథావస్తువుగా తీసుకొని దీనానాథ్ నాదిమ్ 1953లో కాశ్మీరీ భాషలో సంగీతనాటకం రచించారు.

2018 నవంబరులో ఆయన చివరి తులిప్ గడ్డలు నాటారు. తులిప్‌ను మిగిలినవాటికంటే ఆలస్యంగా, చలి ముదిరాక నాటడం మంచిది. తెగులు తక్కువ. నాటిన పదమూడోరోజున గుండె ఆగి ఆయన వెళ్ళిపోయారు.

మూడునెలలు గడిచాక ఐరిస్ పూచింది. తరువాత హయసింత్, మస్కారీ, జాంక్విల్ ఒకదాని వెంట ఒకటి. వెళ్ళిపోయిన మనిషి తలపెట్టిన పని తన వేళకు తాను జరిగిపోతున్నట్లు తోట నిండిపోయింది. ఆ 2019 వసంతమంతా ఆమె సాయంత్రాలు రాళ్ళ దగ్గరే కూర్చున్నారు. మరుసటి వసంతం పూర్తికాకముందే వాసన ఆమెను విడిచింది.

నిద్రపోయేవాణ్ణి లేపరాదు

2020 మే నెల ఇంగ్లండు చరిత్రలోనే అతి పొడి మే నెల. వ్యాధి నుంచి లేచిన ఆమెకు ఇంట్లో చేయడానికి పని లేదు, బయటికి పోవడానికి వీలు లేదు. కళ్ళముందు రాళ్ళతోట వాడిపోతున్నది. హయసింత్ ఆకులు పసుపుబారి, గడ్డిలా ఎండి రాళ్ళ మీద వాలిపోయాయి. భర్త పెంచిన తోట తన చేతిలో చస్తున్నదన్న భయం ఆమెను పట్టుకుంది. రబ్బరు గొట్టం తీసుకొని, చేతికందినంత మేర, రోజూ సాయంత్రం నీళ్ళు పట్టారు. మే పోయింది, జూన్ పోయింది, జూలై, ఆగస్టు కూడా పోయాయి. నీళ్ళు మానలేదు. కరువుసీమ బిడ్డ చేతికి నీళ్ళగొట్టం దొరికితే ఏం చేస్తుంది?

ఒంటరిగా ఉన్న పెద్దలు మరొక కుటుంబంతో కలిసి మెలగవచ్చునని జూన్‌లో అనుమతి వచ్చినందువల్ల కూతురి కుటుంబం ఇంటికి రాగలుగుతున్నది. సెప్టెంబరులో ఒక ఆదివారం అవ్వా మనుమరాలూ కలిసి గడ్డలెట్లా ఉన్నాయో చూద్దామని తవ్వారు. హయసింత్ గడ్డ ఆమె వేళ్ళకు మెత్తగా తగిలింది. పైకి తీస్తే చేతిలోనే నలిగి బూడిదరంగు జిగురు కారింది. ఆమె దాన్ని అటూఇటూ తిప్పి చూస్తూండగానే పిల్ల రెండుచేతులతో ముక్కు మూసుకొని, "ఛీ, కంపు! పారెయ్ అవ్వా, పారెయ్!" అంటూ వెనుకకు గంతేసింది.

ఆమెకు ఏ కంపూ తెలియలేదు. కుళ్ళిన గడ్డను చేతిలో పట్టుకొని, ముక్కుకు జానెడు దూరంలో ఉంచుకొని కూడా, అది కుళ్ళిందని ఆమెకు చిన్నపిల్ల చెప్పవలసి వచ్చింది. తనకు పోయినదేమిటో ఆమెకు ఆ క్షణంలో తెలిసినంతగా అంతకుముందెన్నడూ తెలియలేదు. హయసింత్, తులిప్ గడ్డలు ఇంచుమించు అన్నీ పోయాయి. గొట్టం అందని ఎత్తున ఉన్న ఐరిస్, రాతి సందుల్లోని మస్కారీ, ఇంటిచూరు కింద గోడ మొదట ఉన్న నార్సిసస్ మాత్రం మిగిలాయి.

ఆ రాత్రి ఆమె మొదటిసారిగా భర్త నోటుపుస్తకం తీశారు. వాన లెక్కల నడుమ, జూన్ నెల పుట అంచున, రెండు వాక్యాలు కనిపించాయి. "ఆకు ఎండినాక నీళ్ళు వద్దు. నిద్రపోయేవాణ్ణి లేపి అన్నం పెట్టరాదు."

గడ్డ అంటే కేవలం వేరు కాదు. వృక్షశాస్త్రం దాన్ని లశునం అంటుంది. మన వంటింటి ఉల్లిగడ్డను నిలువునా కోస్తే దాని నిర్మాణమంతా కనిపిస్తుంది. అడుగున బిళ్ళలా కుదించుకుపోయిన కాండం, దాని మీద ఆహారం దాచుకున్న దళసరి పొరలు, నట్టనడుమ మొగ్గ. వసంతంలో పూచాక, ఆకులు పచ్చగా ఉన్న ఆరువారాలూ ఆ మొక్క మరుసటి ఏటికి తిండి కూడబెట్టుకుంటుంది. ఆ రోజుల్లో కాసిని నీళ్ళు పడితే మేలే. ఆకులను కోసినా, ముడివేసినా నష్టం. ఆకు ఎండిందంటే మొక్క చచ్చిందని కాదు, తలుపు వేసుకున్నదని. పైన ఎండ మండుతూండగా, లోపల ఆ నిద్రలోనే, రాబోయే వసంతపు పువ్వు సూక్ష్మరూపంలో రూపు దిద్దుకుంటుంది. హయసింత్, తులిప్ గడ్డలకు వేసవి వెచ్చదనం అందుకు తోడ్పడుతుంది. ఆ వేళ నేల తడిగా ఉంటే బూజుతెగుళ్ళు పొరల్లోకి చొరబడి గడ్డను కుళ్ళిస్తాయి. శరత్కాలపు చినుకులకు వేళ్ళు దిగుతాయి. ఆ తరువాత పది, పన్నెండు వారాల గట్టి చలి తగిలితే గాని కాడ సాగదు, పువ్వు పైకి రాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో నాటిన హయసింత్ మరుసటి ఏడు పూయకపోవడానికి కారణం ఎండ కాదు, ఈ చలి లేకపోవడం.

చదువుతున్నకొద్దీ ఆమెకు చిన్ననాటి గుట్టలు జ్ఞాపకం వచ్చాయి. అనంతపురం రాళ్ళ సందుల్లోనూ ఒక గడ్డ ఉంది. అడవి ఉల్లి. నడివేసవిలో, చుట్టూ పచ్చని పోచ అన్నది లేనప్పుడు, ఆకు కూడా లేకుండా ఒంటికాడగా నేలను చీల్చుకు వచ్చి పూస్తుంది. వానలు పడ్డాకనే దాని ఆకులు కనిపిస్తాయి. ఎండిన నేల కింద ప్రాణం ఉంటుందని తెలియడానికి ఆమె ఇంగ్లండు రానక్కరలేదు. తెలిసినదాన్ని భయం మరిపించింది.

ఆ అక్టోబరులో అవ్వా మనుమరాలూ కలిసి పాత మట్టిని తీసి, గులకను కడిగి, కొత్త మిశ్రమం నింపారు. గడ్డ ఎత్తుకు మూడింతల లోతున, ముక్కు పైకి ఉండేలా, కొత్త హయసింత్ గడ్డలు నాటారు. చేతితొడుగులు తప్పనిసరి. హయసింత్ గడ్డ పొరల్లోని సూదుల వంటి స్ఫటికాలు చర్మానికి దురద పుట్టిస్తాయి. వాటి పూలే ఆ 2021 మార్చిలో పిల్ల చూపించినవి. ఆమె అబద్ధమాడినవి.

అయిదు సీసాలు

డాక్టరుగా ఆమెకు ముక్కు సంగతి కొంత తెలుసు. ముక్కు పైభాగాన తపాలాబిళ్ళంత చోటులో ఉండే ఘ్రాణకణాలు నాడీకణాలే అయినా, శరీరంలోని చాలా నాడీకణాల వలె కాక, జీవితాంతం అరిగిపోతూ, అడుగున ఉన్న మూలకణాల నుంచి తిరిగి పుడుతూ ఉంటాయి. కోవిడ్ వైరస్ ముఖ్యంగా దెబ్బతీసింది వాసన పట్టే కణాలను కాదు, వాటికి ఆసరాగా ఉండే పక్కకణాలను. కనుక ఆశ ఉన్నది. ఎప్పుడన్నదే తెలియదు.

ఆమె అవలంబించిన చికిత్స చూసేవారికి ఆటలా కనిపిస్తుంది. జర్మనీలో డ్రెస్డెన్ నగరపు శాస్త్రజ్ఞుడు థామస్ హుమ్మెల్, ఆయన సహచరులు 2009లో ప్రచురించిన పద్ధతి అది. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి తైలం అనే నాలుగు వాసనలను నాలుగు సీసాల్లో ఉంచుకొని, రోజుకు రెండుపూటలా ఒక్కొక్కటి కొద్ది క్షణాలు పీల్చాలి. పీల్చేటప్పుడు మనస్సు మరొకచోట ఉండరాదు. ఆ వాసన ఒకప్పుడు ఎట్లా ఉండేదో తలచుకోవాలి. కనీసం పన్నెండు వారాలు చేయాలి. ఆమె తనంతట తానుగా అయిదో సీసా ఒకటి చేర్చారు. అందులో ఇంగువ వేశారు.

పన్నెండు వారాలు అయ్యాయి. ఏడాది అయింది. ఆమె మానలేదు. తెలుగులో వాసన అనే మాటకు ముక్కుకు తెలిసేదన్న అర్థమే కాక, మనస్సులో మిగిలిపోయిన పూర్వసంస్కారమన్న అర్థం కూడా ఉన్నది. ఏమీ తెలియని సీసాను ముక్కు కింద పెట్టుకొని, లవంగాన్ని జ్ఞాపకం నుంచి పిలవడమే ఆ సాధన.

2021 చివర ఒకనాడు వాసన వచ్చింది. కాని అది తలకిందులుగా వచ్చింది. కాఫీ కాలిన రబ్బరులా, ఉల్లి తాళింపు మురుగులా తోచసాగాయి. ఇష్టంగా చేసుకునే ఉగ్గాని కూడా నోటికి తేలేకపోయారు. కొత్తగా మొలిచిన నాడులు మెదడులో తమ పాత చోటు వెతుక్కొనేటప్పుడు ఇట్లా తికమక పడతాయనీ, పూర్తి శూన్యం కంటే ఇదే మంచి సూచన అనీ ఆమెకు తెలుసు. తెలిసినా కంచం ముందు కూర్చున్నప్పుడు అది ఓదార్పు కాలేదు. 2022 వసంతంలో ఆమె పూల దగ్గరికి వెళ్ళనే లేదు. హయసింత్ కూడా కంపు కొడితే భరించలేనని భయపడ్డారు.

ఆ జూలై 19న లింకన్‌షైర్‌లోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీల ఎండ కాసింది. ఇంగ్లండులో ఎండ నలభై డిగ్రీలు దాటడం చరిత్రలో అదే మొదటిసారి. పచ్చికబయళ్ళన్నీ చాపలా ఎండిపోయాయి. అనంతపురంలో ఏప్రిల్‌లోనే అలవాటైన ఎండ ఎసెక్స్‌లో ఆమె వాకిట నిలిచింది. సాయంత్రం రాళ్ళతోట దగ్గరికి వెళ్ళి బండ మీద చెయ్యి పెట్టి చూశారు. పెనంలా కాలింది. గొట్టం గోడకు చుట్టి ఉంది. ఆమె దాన్ని ముట్టుకోలేదు.

మల్లెలు పెట్టుకొని వెళ్ళిన గది

వేసవిలో బాగా కాగిన తాజెట్టా గడ్డలు మరుసటి ఏడు విరగబూస్తాయి. 2023 మార్చిలో గోడ మొదట ఆయన నాటిన నార్సిసస్ అట్లాగే పూచింది. ఒక్కొక్క కాడకు గుంపులు గుంపులుగా, తెల్లని రేకులు, నడుమ పసుపు గిన్నె. ఒక సాయంత్రం, గాలి లేనివేళ, గోడ పగటి వెచ్చదనాన్ని వదులుతుండగా ఆమె చెత్త పారబోసి వస్తూ, మలుపు దగ్గర ఆగిపోయారు. ఎవరో వచ్చి వెళ్ళినట్లనిపించింది. వెనుదిరిగి చూస్తే ఎవరూ లేరు. నాలుగడుగులు వెనుకకు వేశారు. మళ్ళీ అదే. వంగి, పువ్వును ముట్టకుండా నిలబడ్డారు.

మల్లెపువ్వులోనూ ఈ నార్సిసస్‌లోనూ ఇండోల్ అనే పదార్థం ఉంటుంది. కొందరికి అది పరిమళం, కొందరికి పశువులకొట్టం వాసన. ఆ సాయంత్రం ఆమెకు అది రెండూ అయింది. రెండూ ఆమె పుట్టిన ఇంటివే.

ఆదివారం నాడు ఎనిమిదేళ్ళ మనుమరాలు వచ్చింది. ఆమె పిల్ల చెయ్యి పట్టుకొని గోడ దగ్గరికి తీసుకుపోయారు.

"ఎట్లుంది అవ్వా?"

ఆమె వెంటనే జవాబు చెప్పలేదు. ఒకసారి పీల్చి, ఆగి, మరొకసారి పీల్చారు. "మల్లెపూలు కాదు. మల్లెపూలు పెట్టుకొని పోయిన మనిషి గదిలో, తర్వాత మిగిలే వాసన మాదిరుంది. కొంచెమే."

"మరి హయసింత్?"

"అది ఇంకా తెలీదు తల్లీ."

పిల్ల కనుబొమలు ముడిచింది. "అప్పుడు బాగుందంటివే?"

"అబద్ధం చెప్పినాను. నువ్వు నాటినవని."

పిల్ల కాసేపు ఆలోచించింది. కోపగించలేదు. రాళ్ళ దగ్గరికి వెళ్ళి, నీలిగుత్తి మీదికి వంగి, గట్టిగా పీల్చి, డాక్టరు చెవులకు గొట్టం తగిలించుకొని గుండె విన్నంత శ్రద్ధగా నిలబడింది. "చెప్తా విను. ముందు సబ్బు మాదిరి. తర్వాత పచ్చి దోసకాయ కోసినట్లు. చివర్న తేనె. నువ్వు కళ్ళు మూసుకో. నేను మళ్ళీ చెప్తా."

డాక్టరమ్మ కళ్ళు మూసుకున్నారు.

ఆ రాత్రి ఆమె భర్త నోటుపుస్తకం తెరిచి, ఆయన దస్తూరీ ఆగిపోయిన పుట తరువాతి పుటలో, తారీఖు వేసి, తన చేతితో మొదటి పంక్తి రాశారు: "వాన లేదు. గోడ మొదట నార్సిసస్, వాసన కొద్దిగా."